పడమటి ముఖంగా చెప్పిన పాఠం

యజ్ఞేశ్వరావధానులుగారు పాఠం మధ్యలో ప్రశ్నలు అడగనిచ్చేవారు కాదు. వ్యాసపీఠం మీద పుస్తకం మూశాకే ఎవరైనా నోరు విప్పాలి. తణుకులో వారి మేడ మీది గదిలో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. గురువుకూ పుస్తకానికీ ఎదురుగా కాళ్ళు చాపకూడదు, పుస్తకం కన్నా ఎత్తున కూర్చోకూడదు. అందుకని ఆడా మగా అందరం నేల మీదే కాళ్ళు మడుచుకుని కూర్చునేవాళ్ళం. కుర్చీ ఊసే లేదు.

ఆ రోజు పాఠం తితిక్ష గురించి, అంటే కష్టాన్ని విసుక్కోకుండా ఓర్చుకోవడం గురించి. పుస్తకం ఇంకా మూయనేలేదు, వెనక గోడ దగ్గరనుంచి కాత్యాయనిగారి గొంతు గట్టిగా వినిపించింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు.

"గురువుగారూ, నాకు కోపం వస్తోంది. ఇది తప్పా?"

"ఎవరి మీదమ్మా?"

"అందరి మీదా! ఎన్నాళ్ళనుంచో నా పాదాల్లో కారం పూసినట్టు మంట. రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలని ఏవో ఉన్నాయిట. మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించినా పాజిటివే. రక్తం ఎప్పుడైనా గడ్డకట్టొచ్చుట. ఈ మంటకీ దానికీ సంబంధం ఉందా అంటే ఎవరూ చెప్పరు. నరాల పరీక్షలో ఏమీ కనబడలేదుట. ఏమీ లేకపోతే నేనెందుకండీ ఏడుస్తున్నాను? మొన్న చూసిన డాక్టరైతే నా మొహం కూడా చూడలేదు. మా ఆయనతో, 'మీ ఆవిడకి ఏదో ఒక పని చెబుతూ ఉండండి, అదే సర్దుకుంటుంది' అన్నాడు."

మా పాణిగారు రిటైరైన ఇంజనీరు. ఎప్పుడూ ముందు వరసలో, గురువుగారికి ఎదురుగానే కూర్చుంటారు. ఆయన మెడ తిప్పి చిరునవ్వు నవ్వారు. "తితిక్ష అంటే ఇదే కదమ్మా. ఈ దేహం నేను కాదు అనుకోండి. అంతా మనసులోనే ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదుటివాళ్ళ కాళ్ళ మంటకి వేదాంతం చెప్పడం ఎంత తేలికో!

కాత్యాయనిగారు పాణిగారి వైపు చూడనైనా లేదు. "కాళ్ళు మడిస్తే మంట రేగుతుంది గురువుగారూ. చాపుకుంటే కాస్త నయం. ఇక్కడ చాపకూడదు. ఇన్నాళ్ళూ పళ్ళబిగువున కూర్చున్నాను. ఈ పాఠం వదులుకోవడం నాకిష్టం లేదు. కానీ ఇంక నావల్ల కాదు, రేపటినుంచి రాను." గోడ పట్టుకుని లేవబోయారు.

గురువుగారి మొహం ఎర్రబడింది. వ్యాసపీఠం తానే ఎత్తుకున్నారు. సాయం చేయబోయిన వాళ్ళని ఒక్క చూపుతో ఆపి, మా మధ్యనుంచి నడిచి వెళ్ళి, కాత్యాయనిగారి పక్కనే అదే గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎన్నడూ తూర్పు ముఖంగా తప్ప పాఠం చెప్పని మనిషి, పడమటి ముఖంగా పుస్తకం తెరిచారు.

"కోపం తప్పా అని అడిగావు. దాని జోలికి వెళ్ళకు తల్లీ, ఉండనీ. ముందు కాళ్ళు చాపుకో."

ఆవిడ కాసేపు తటపటాయించి, నెమ్మదిగా కాళ్ళు చాపుకున్నారు. ఏడుపు ఆపుకోవడానికి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మేమంతా లేచి అటు తిరిగి కూర్చోవలసి వచ్చింది. అలా తిరిగేసరికి ముందు వరస కాస్తా చివరి వరస అయింది. పాణిగారు దాన్ని సహించగలరా? అందర్నీ తోసుకుంటూ వచ్చి, మళ్ళీ ముందు వరసలో చోటు సంపాదించారు. తీరా కూర్చున్నాక చూసుకుంటే ఎదురుగా కాత్యాయనిగారి అరికాళ్ళు. లేచి వెనక్కి వెళ్ళడానికి అభిమానం అడ్డొచ్చింది.

గురువుగారు శ్లోకం మొదలుపెట్టారు. పాణిగారు అటు జరిగారు, ఇటు జరిగారు, ఇక ఉండబట్టలేక చేతులు జోడించారు. "క్షమించాలి గురువుగారూ. ఆవిడ కాళ్ళు సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఉన్నాయండీ. నాకు చాలా బాధగా ఉంది."

గురువుగారు పుస్తకంలోంచి తలెత్తి, ఆయన్ని నఖశిఖపర్యంతం పరీక్షగా చూశారు.

"బాధా? ఎక్కడో చూపించు నాయనా."