ఖాళీ గదిలో లైటు ఆరిందా?

దేవుడు జిల్లాకి పంచిన తెలివంతా తమ కాలేజీ గేటు దగ్గరే దించేశాడని తాటిగుంట కాలేజీ వాళ్ళ నమ్మకం. ప్రిన్సిపాల్ గవర్రాజు గారికైతే ఆ నమ్మకం మరీ ముదిరిపోయింది. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. పోయేలోగా, కరెంటు పొదుపు చేసే కాలేజీకిచ్చే జిల్లా షీల్డు పట్టుకుని ఫొటో దిగకపోతే ఆయన ప్రాణం కుదుటపడదు.

అందుకే గదిగదికీ సెన్సర్లు పెట్టించారు. బిగించిన ఇంజనీరు, "గదిలో మనిషి ఉంటే లైట్లూ ఫ్యాన్లూ వాటంతటవే పనిచేస్తాయి, ఎవరూ లేకపోతే ఆగిపోతాయి. మీరేం చెయ్యక్కర్లేదండీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే వీళ్ళు వీళ్ళెందుకవుతారు?

"ఆరుతున్నాయో లేదో చూడొద్దూ?" అంటూ గవర్రాజు గారు ఖాళీగా ఉన్న ఏడో నంబరు గదిలోకి అడుగుపెట్టారు. అంతే! లైట్లన్నీ వెలిగాయి.

"చూశారా మేడం, ఎంత మోసమో! ఖాళీ గదిలో లైట్లు!"

ఫిజిక్సు చెప్పే భ్రమరాంబ మేడం తల పంకించింది. "మీ చెప్పుల చప్పుడు విని వెలిగాయి సార్. విప్పేసి వెళ్ళండి."

విప్పారు. వెలిగాయి.

"అయితే వెనక్కి నడుస్తూ వెళ్ళండి. బయటికి పోతున్నారనుకుంటుంది."

నడిచారు. వెలిగాయి. పైగా బల్ల తగిలి నడుం పట్టేసింది. ఆవిడకి ఫిజిక్సులో గోల్డ్ మెడల్ మరి!

ఇంకేముంది, ఈ మోసం కనిపెట్టడానికి గదికో లెక్చరర్‌ని కాపలా పెట్టారు. గదులు ఖాళీగా ఉండాలి కదా, పిల్లల్ని ఎండలోకి తోలారు. ఇరవైనాలుగు గదుల్లో ఇరవైనలుగురు మేధావులు ఫ్యాను కింద కూర్చుని, లైటుకేసి గుడ్లు మిటకరిస్తూ, "ఇంకా వెలుగుతూనే ఉందండోయ్!" అని కేకలు. వారం రోజులు సాగిందీ భాగోతం. మీటరు బొంగరంలా తిరిగింది. లేచి బయటికొస్తే సరిపోతుందని ఒక్కరికంటే ఒక్కరికి తోచలేదు!

షీల్డు సంగతి తేల్చడానికి జిల్లా నుంచి సుభద్ర గారనే ఆఫీసరు వచ్చారు. గవర్రాజు గారు ఏడుపు మొహంతో, "ఖాళీ గదులన్నీ వెలుగుతున్నాయమ్మా, ఇరవైనలుగురు సాక్షులున్నారు" అని మొరపెట్టుకున్నారు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, కాపలా వాళ్ళందర్నీ బయటికి రప్పించి, తలుపులు మూయించారు. పది నిమిషాలాగి ఏడో గది కిటికీలోంచి చూశారు. లోపల మసగ్గా ఉంది.

"సెన్సర్లు బాగానే ఉన్నాయండీ. మీ బుర్రలకి బిగించాల్సింది. వారం పాపం మన్నించి షీల్డు మీకే రాస్తున్నాను" అంటూ కలం తీశారు.

గవర్రాజు గారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. కానీ బుర్ర ఊరుకుంటుందా?

"ఆగండమ్మా! ఇంత మసకలో లైటు ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఊరికే షీల్డు పుచ్చుకునే మనిషిని కాను. మేడం, వార్షికోత్సవం ఫ్లడ్‌లైట్లన్నీ పట్టించుకురండి!"

పట్టపగలు పదకొండు గంటలకి, ఏడో గది కిటికీ ముందు పన్నెండు ఫ్లడ్‌లైట్లు భగ్గున వెలిగాయి. సుభద్ర గారు కలం మూసి, జీపెక్కి వెళ్ళిపోయారు.

గవర్రాజు గారు మాత్రం కిటికీకి ముక్కు ఆనించి గంతులేస్తున్నారు. "ఇప్పుడు బాగా కనబడుతోంది! ఆరే ఉంది! షీల్డు ఇటివ్వండమ్మా!"