గాజు గదిలో ఖర్బూజా తీగ

అనగనగా, ఎండాకాలంలో కూడా చలి వదలని ఒక కొండ మీద ఒక అడవి. ఆ అడవిలో సూరమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఏది చూసినా "ఇది ఇలా ఎందుకుంది?" అని అడగందే దానికి తోచేది కాదు.

ఆ కొండ మీద ఎవరో పూలు పెంచడానికి ఒక గాజు గది కట్టి, తర్వాత వదిలేసి వెళ్లిపోయారు. గోడలు గాజువే, కప్పూ గాజుదే. ఒక ఉదయం సూరమ్మ అందులోకి దూరి చూసింది. బయటేమో గడ్డి మీద మంచు. లోపల హాయిగా, వెచ్చగా ఉంది!

"చిన్నాలు వదినా, ఇలా రా!" అని పక్క చెట్టు మీది ఉడుతను పిలిచింది. "ఇక్కడ పొయ్యి లేదు, నిప్పు లేదు. మరి ఈ వేడి ఎక్కడిది?"

చిన్నాలు కప్పు ఎక్కి చూసింది. "ఎండ లోపలికి వస్తోంది వదినా. ఆ వేడిని గాలి ఎత్తుకుపోకుండా గాజు ఆపుతోంది."

"అయితే కింద ఊళ్లలో పండే పండు ఇక్కడా పండుతుందా?"

"వేస్తేనేగా తెలిసేది!"

కొండ కింద నుంచి వచ్చిన ఒక చిలుక వాళ్లకు ఐదు ఖర్బూజా గింజలిచ్చింది. సూరమ్మ మట్టి తవ్వి నాటింది. నాలుగు మొలకలు చలిగాలికి చచ్చిపోయాయి. చిన్నాలు పరుగు పరుగున నాచు తెచ్చి, పగిలిన గాజు సందుల్లో కుక్కింది. సూరమ్మ తలుపు ఎప్పుడూ మూసే ఉంచింది. ఐదోది బతికింది. తీగ సాగింది. పసుపు పూలు పూసింది. కొన్ని పూల కింద బఠాణీ గింజంత పిందెలు కూడా కనిపించాయి!

రెండు రోజులకు ఆ పిందెలన్నీ రాలిపోయాయి.

సూరమ్మకు కోపం వచ్చింది. "నువ్వే కొరికావు వదినా! ఈ గదిలోకి నువ్వు తప్ప ఎవరొస్తారు?"

"నేనా? నాచు మోసి మోసి నా గోళ్లు అరిగిపోయాయి" అంది చిన్నాలు. తోక విదిలించి వెళ్లిపోయింది.

సూరమ్మ మూసిన తలుపుకు రాయి కూడా అడ్డం పెట్టింది. బయట తేనెటీగలు గాజుకు తగిలి ఝుమ్మన్నాయి. "తలుపు తియ్యవూ?"

"పోండి! మీరూ దొంగలే. పైగా చలి లోపలికొస్తుంది."

మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాపలా కూర్చుంది. ఒక్కరూ రాలేదు. అయినా దాని కళ్ల ముందే ఒక కొత్త పిందె పసుపు పచ్చగా మారి, టప్పున రాలింది.

సూరమ్మ రాలిన పిందెను చేతిలోకి తీసుకుంది. "ఎవరూ ముట్టుకోలేదు. మరెందుకు రాలింది? అయ్యో, వదినని ఎంత మాట అన్నాను!"

తీగ మీద కింద పిందె ఉన్న మొగ్గలు ఇంక మూడే మిగిలాయి. గట్టి చలి మొదలైతే తీగ బతకదు. చేతిలో మరో గింజ లేదు.

అది వానపామును అడిగింది. "మట్టి మెత్తగా, బలంగా ఉంది" అంది వానపాము.

నత్తను అడిగింది. "తడి సరిగ్గా ఉంది. పూల సంగతి నాకేం తెలుసు? పూల మీద వాలేవాళ్లని అడుగు" అంది నత్త.

సూరమ్మ సిగ్గుపడుతూ గాజు దగ్గరికి వెళ్లి తేనెటీగను అడిగింది.

"ఈ తీగకు రెండు రకాల పూలుంటాయమ్మా" అంది తేనెటీగ. "ఒకదాంట్లో పుప్పొడి, ఒకదానికి పిందె. ఆ పుప్పొడి ఈ పూవుకు అంటితేనే పిందె నిలుస్తుంది. మేం తేనె కోసం తిరుగుతుంటే అది మా కాళ్లకు అంటుకుని చేరుతుంది. నువ్వు మమ్మల్ని బయటే ఉంచావు."

"తలుపు తీస్తే వెచ్చదనం పోదూ?"

"ఎండ బాగా ఉన్నప్పుడు తియ్యి. పొద్దు వాలకముందే వేసెయ్యి."

సూరమ్మ ముందు చిన్నాలు చెట్టు దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదే వదినా. చూడకుండా నిన్ను అనేశాను."

చిన్నాలు కొమ్మ మీంచి తొంగి చూసింది. "ఆ మాటకు ఏడ్చాను తెలుసా?" అంది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. "సరే, ఆ తేనెటీగలు ఏం చేస్తాయో నాకూ చూడాలనుంది. పద."

ఇద్దరూ కలిసి రాయి తోసి, తలుపు తెరిచారు. ఆ వారంలో మూడు మొగ్గలూ విచ్చుకున్నాయి. రోజూ మధ్యాహ్నం తేనెటీగలు ఒళ్లంతా పసుపు పొడితో పూవు నుంచి పూవుకు తిరిగాయి. ఒక పిందె రాలిపోయింది. రెండు నిలిచాయి. నిమ్మకాయంత అయ్యాయి, తర్వాత కొబ్బరికాయంత. తొక్క మీద వల లాంటి గీతలు వచ్చాయి. ఒకరోజు గదంతా ఘుమఘుమలాడింది. సూరమ్మ ముట్టుకోగానే పండు తొడిమ నుంచి ఊడి వచ్చింది.

ఇద్దరూ మూతులు తడిసేలా తిన్నారు. గింజలు కడిగి ఆరబెట్టారు. తొక్కలో మిగిలిన తియ్యని రసం మీద తేనెటీగలు వాలాయి.

"వదినా" అంది చిన్నాలు మూతి తుడుచుకుంటూ, "మామిడి టెంక దొరికితే?"

సూరమ్మ తలెత్తి గాజు కప్పు వైపు చూసింది. "మామిడి చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుంది?" అంది.

నీతి: కష్టపడి పెంచుకున్నది ఎవరైనా పాడుచేస్తారని భయపడి అందరినీ బయటే ఉంచితే, దానికి ప్రాణం పోసేవాళ్లు కూడా బయటే ఉండిపోతారు.