చేప పక్కటెముకలో బొడిపె

కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకో, నానీ. గోక్కోకు. ఇక విను.

అనగనగా ఒక ఊళ్ళో ఎటు చూసినా నాపరాళ్ళే. ఆ రాళ్ళ పొరల్లో ఎప్పటివో చేపలు రాయిగా మారిపోయి పడుకున్నాయి. ఎప్పటివంటే, నేను కాదు కదా, మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా అప్పటికి పుట్టలేదు. ఆ ఊళ్ళో ఒక చిన్న మ్యూజియం ఉంది. అందులో ఓబుళమ్మ అనే అమ్మాయి కొత్తగా పనికి చేరింది. రాయి చెక్కి లోపలున్న చేపను బయటికి తియ్యడం ఆమె పని.

ఒకరోజు ఆ మ్యూజియం చూసుకునే విమల మేడం ఆమెకి ఒక రాతిపలక ఇచ్చింది. "ఇది నువ్వొక్కదానివే చెయ్యల్ల. బాగా వస్తే ఈ పని నీకే ఖాయం," అంది.

ఓబుళమ్మ ముందు ఉలితో చెక్కింది. తోక బయటపడింది. ఆ తర్వాత సూదితో గీకింది. పొలుసులు బయటపడ్డాయి. ఆ తర్వాత కుంచెతో తుడిచింది. పక్కటెముకలు దువ్వెన పళ్ళలాగా వరసగా బయటపడ్డాయి. ఓబుళమ్మకి ఎంత సంతోషమో.

అప్పుడు చూసింది. ఒక ఎముక మధ్యలో వంకరగా ఉంది. మట్టి అనుకుని తుడిచింది, పోలేదు. రాయి అనుకుని సూదితో మెల్లగా తాకింది, ఊడలేదు. భూతద్దం పెట్టి చూస్తే, అయ్యో, అది విరిగిన ఎముక.

ఓబుళమ్మ సూది పక్కన పెట్టేసింది. నా సూదే తగిలింది, నేనే విరగ్గొట్టాను, ఇక పని పోయినట్టే అనుకుంది. పక్కనే జిగురు సీసా ఉంది. కాస్త జిగురు, కాస్త రంగు పూస్తే ఎవరికీ తెలీదు. చెయ్యి సీసా దాకా పోయింది కూడా. పోదా మరి, భయం వేస్తే ఎవరికైనా అంతే.

సీసా అందుకోబోతే ముంజెయ్యి బల్లకి తగిలింది. ఆ చేతి మీద ఒక బొడిపె ఉంది. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడితే ఎముక విరిగింది. కట్టు కట్టారు. అతికిన చోట బొడిపె మిగిలిపోయింది. ఓబుళమ్మ దాన్ని తడుముకుంది. ఆ తర్వాత మళ్ళీ చేపని చూసింది. ఇప్పుడు విరిగిందైతే అంచులు పెంకులాగా పదునుగా ఉండాలి కదా. ఇక్కడ అంచులే లేవు. రెండు ముక్కలూ ఉబ్బి, నున్నగా కలిసిపోయాయి.

అప్పుడు సీసా అక్కడే వదిలేసి మేడం దగ్గరికి పరిగెత్తింది. "మేడం, ఈ చేపకి ఎముక ఇరిగి అతుక్కుండాది," అంది.

మేడం వచ్చి చాలాసేపు చూసింది. చూసి నవ్వింది. "అవును ఓబుళమ్మా. చచ్చినాక విరిగుంటే అతికేది కాదు. ఇది దెబ్బ తగిలినాక కూడా బతికి ఈదింది. ఇట్లాంటిది మన దగ్గర ఇంకోటి లేదు," అంది.

అంతే, పని ఖాయమైంది. చేపని అద్దాల పెట్టెలో పెట్టారు. చూడ్డానికొచ్చే పిల్లలు తల వదిలేసి, తోక వదిలేసి, ముందు ఆ బొడిపెనే వెతుక్కుంటారు. ఓబుళమ్మ తన చెయ్యి చాపితే ఒక్కొక్కరే తడిమి చూస్తారు.

చేపకి కట్టు ఎవరు కట్టారంటావా? ఎవరూ కట్టలేదురా. ఈదుతూ ఈదుతూనే అతికించుకుంది. నీకైతే కట్టుంది, రోజూ పాలున్నాయి, పక్కన నేనున్నాను. నీ చెయ్యి అతక్కుండా ఎక్కడికి పోతుంది? కట్టు విప్పినాక బొడిపె ఉందేమో ఇద్దరం కలిసి వెతుకుదాం.

కథ వెళ్ళింది కంచికి,
చేప చేరింది అద్దాల పెట్టెకి,
నువ్వు పోరా నిద్దట్లోకి.