మూట మోసిన తీర్పరి

మబ్బులు గుట్టల మీదే పడుకుని గుట్టల మీదే లేచే కాలంలో, మూడు గుట్టలకు ముగ్గురు దొరలుండేవాళ్లు. ఆ ముగ్గురి పైన ఒక రాజుండేవాడు. దొరలకూ జనానికీ తగవొస్తే తీర్చడానికి రాజు ఒక తీర్పరిని పెట్టాడు. ఆయన పండితుడేమీ కాదు. తుంగచాపలు అల్లుకునే బయ్యన్న.

"నన్నెందుకు ప్రభూ?" అని అడిగాడట బయ్యన్న.

"సంతలో ఇద్దరు కొట్లాడుకుంటుంటే అందరూ మాట్లాడారు. నువ్వొక్కడివే విన్నావు" అన్నాడట రాజు.

తగవొచ్చిందంటే బయ్యన్న చాప చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. ఫిర్యాదు చేసినవాడింట ఒక నిద్ర. నింద మోసినవాడింట ఒక నిద్ర. తగవు పుట్టిన చోట ఒక నిద్ర. మూడు నిద్రలూ అయ్యాకే నోరు విప్పేవాడు. "బయ్యన్న పడుకుంటే నిజం లేచి కూర్చుంటుంది" అనేవాళ్లు జనం. అట్లా జుట్టు తెల్లబడేదాకా తీర్పులు చెప్పాడు.

ఒక ఏడు, కోతలయ్యాక, నడిగుట్ట దొర వరికుప్పలు రాత్రికి రాత్రే కాలిపోయాయి.

"తేనె తీసే కాటడే కాల్చాడు. దివిటీ ఎప్పుడూ వాడి చేతిలోనే గదా" అన్నాడు దొర.

"మా అమ్మ మంచాన పడుంది తాతా. రాత్రిపూట ఆమెను విడిచి గడప దాటను" అన్నాడు కాటడు.

బయ్యన్న దొర ఇంట ఒక నిద్ర చేశాడు. బూడిద పక్కన ఒక నిద్ర చేశాడు. మూడో నిద్రకు బయల్దేరేసరికి ముసురు పట్టింది, వాగు పొంగింది. కాటడి గుడిసె అవతలి గట్టున ఉంది. ముసలాయనకు మోకాళ్ల నొప్పులు. "ఇన్ని నిద్రలు చేశాను, ఈ ఒక్కటి లేకపోతే ఏం" అనుకున్నాడు. పేరు బాగా వచ్చినవాళ్లకే ఇట్లాంటివి తోస్తాయి. కాటడిని మూడు గుట్టల అవతలికి వెళ్లగొట్టమని తీర్పు చెప్పాడు.

కాటడు మూట నెత్తిన పెట్టుకుని పోయాడు. ఆనాటి నుంచి బయ్యన్నకు కంటి మీద కునుకు లేదు.

వాగు తగ్గాక చాప చంకన పెట్టుకుని ఆ గుడిసెకు పోయాడు. కాటడి పెళ్లాం సుంకులమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడెందుకొచ్చావు తాతా?"

"మిగిలిపోయిన నిద్రకమ్మా."

ఆమె పొయ్యి పక్కన చోటు చూపించింది.

కన్ను మూతపడగానే మంచంలోంచి అవ్వ పిలిచింది. "కాటా, పక్కకి తిప్పు నాయనా." సుంకులమ్మ ఒక్కతే తిప్పలేకపోయింది. బయ్యన్న లేచి చెయ్యి వేశాడు. మళ్లీ కన్ను మూతపడింది. "కాటా, పక్కకి తిప్పు నాయనా." మళ్లీ లేచాడు. మూడోసారీ అదే పిలుపు. దొర కళ్లం దాకా పోయి రావాలంటే సగం రాత్రి పడుతుంది. ఈ పిలుపు వినేవాడు అంత దూరం ఎట్లా పోతాడు? తెల్లారేసరికి బయ్యన్న కళ్లనిండా నీళ్లు.

ఆ పొద్దే రాజు ముందు నిలబడ్డాడు. "తీర్పు తప్పు. తప్పు నాది" అన్నాడు.

"తీర్పరే మాట తిప్పితే ఆ తీర్పు పీటకు పరువేముంటుంది?" అన్నాడు అక్కడే ఉన్న నడిగుట్ట దొర.

"పరువు నేను పోగొట్టుకుంటాను దొరా. ఆ అవ్వ కొడుకునెందుకు పోగొట్టుకోవాలి?"

రాజు తలూపాడు. "సరే, కబురు పంపుతాను."

"కబురు కాదు ప్రభూ. వెళ్లగొట్టింది నేను. నేనే పోతాను."

మొదటి గుట్ట ఎక్కాడు, అంతా మంచు. రెండో గుట్ట ఎక్కాడు, అంతా మంచు. మూడో గుట్ట దిగేసరికి ఆ మంచు అంతా వెలుగైపోయింది. ఆ వెలుగులో ఒక బండ కింద కాటడు కూర్చుని ఉన్నాడు. కల వచ్చిందనుకుని కళ్లు నులుముకున్నాడు.

"తప్పు చేశాను నాయనా. ఇంటికి పద" అని బయ్యన్న మూట తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. కాటడు వద్దన్నా వినలేదు. మూడు గుట్టల జనం చూస్తుండగా తీర్పరి మూటతో ముందు నడిచాడు. కాటడు ఉత్త చేతులతో వెనక నడిచాడు.

గడపలో అడుగుల చప్పుడైంది. అవ్వ కళ్లు తెరవకుండానే అంది, "కాటా, పక్కకి తిప్పు నాయనా." కాటడు తిప్పాడు.

కుప్పలు ఎవరు కాల్చారంటారా? పిడుగని కొందరు, దొరగారి చుట్ట అని కొందరు. నేనైతే చుట్టనే అంటాను.

బయ్యన్న పోయి ఎన్ని తరాలైందో. ఆయన చెప్పిన తీర్పుల్లో మరొక్కటి కూడా ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ గుట్టల్లో ఎవరినైనా అన్యాయంగా వెళ్లగొట్టారని తేలితే, వెళ్లగొట్టినవాళ్లే పొలిమేర దాకా ఎదురుపోయి మూట ఎత్తుకోవాలి. మొగుడైనా సరే, అత్తయినా సరే, ఊరి పెద్దయినా సరే. "తప్పయిపోయింది" అని ఊరికే అంటే అక్కడెవరూ నమ్మరు. "అయితే మూట ఏదీ?" అని అడుగుతారు.