కరాళుడి కోళ్ళ మంద

ఏ కాలమో ఎవరూ చెప్పలేరు గానీ, పిల్లలూ, ధవళసేనుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయసేనుడు, భద్రసేనుడు, నీలసేనుడు. పొరుగు రాజుకు ముగ్గురు కూతుళ్ళు: హేమవల్లి, చంపకవల్లి, కుందవల్లి. పెద్దవాడికి పెద్దదాన్ని, నడిమివాడికి నడిమిదాన్ని, చిన్నవాడికి చిన్నదాన్ని ఇచ్చి ఒకే పందిట్లో పెళ్ళి చేయాలనుకున్నారు.

ముహూర్తం దగ్గర పడేసరికి ఆకాశం నల్లబడింది. కరాళుడనే మాంత్రికుడు గద్ద రూపంలో పందిట్లోకి దిగి పెళ్ళికూతుళ్ళ మీద బూడిద చల్లాడు. ముగ్గురూ ఎదిగీ ఎదగని కోడిపెట్టలైపోయారు. వాటిని తన్నుకుని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

జయసేనుడు ఏడు సముద్రాలూ దాటి వెళ్ళాడు. కరాళుడి కోట వెనక పెరట్లో ముసలి కోళ్ళ మంద ఉంది. పక్కనే బుట్ట కింద మూడు పెట్టలున్నాయి.

"వీటిని నా మందలో కలుపు" అన్నాడు కరాళుడు. "ఎన్నాళ్ళయినా సరే. అన్నీ ఒకే వాసం మీద పక్కపక్కన పడుకున్ననాడు తీసుకుపో. నెత్తుటి బొట్టు నేల రాలిందా, రాయివైపోతావు."

"కోళ్ళను కలపడానికి ఎన్నాళ్ళెందుకు?" అని జయసేనుడు బుట్ట ఎత్తేశాడు. మంద ఒక్కసారిగా మీద పడింది. హేమవల్లి కన్ను పోయింది. జయసేనుడు రాయైపోయాడు.

తర్వాత భద్రసేనుడు వెళ్ళాడు. మళ్ళీ బుట్ట కిందికి చేరిన పెట్టలను వదిలి, కర్ర పట్టుకుని పగలంతా కాపలా కాశాడు. కర్ర చూసి మంద దూరంగానే ఉంది. దాహం వేసి నీళ్ళకు వంగాడో లేదో, కుందవల్లి తలమీది ఎర్ర తురాయి చీలిపోయింది. భద్రసేనుడూ రాయైపోయాడు.

నీలసేనుడు ప్రయాణమైతే తండ్రి అడ్డుపడ్డాడు. "మిగిలింది నువ్వొక్కడివే నాయనా."

"అన్నలు అక్కడ రాళ్ళై నిలబడితే, నేనిక్కడ ఎలా కూర్చోను నాన్నగారూ?" అని అతనూ ఏడు సముద్రాలు దాటాడు.

అతను బుట్ట ఎత్తలేదు. కర్ర పట్టలేదు. పెరట్లో నేల మీద కూర్చుని మందను చూశాడు. మందలో ఒక ఎర్రపెట్ట ఉంది. అది కదిలితే తక్కినవన్నీ తప్పుకుంటున్నాయి. నీలసేనుడు దానికి నమస్కరించి అడిగాడు.

"అమ్మా, ఈ పిల్లలు మీకేం అపకారం చేశారు?"

ఎర్రపెట్ట అతని దగ్గరికి వచ్చింది. "ఈ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు నాయనా. మేమూ మనుషులమే. నేను ఒకప్పుడు రాణిని. వాడు దాణా ఒక్క పళ్ళెంలోనే పోస్తాడు. అందరికీ చాలదు. ముందెవరు తినాలో, ఎవరెక్కడ పడుకోవాలో కొట్టుకుని కొట్టుకుని ఒక వరుస పెట్టుకున్నాం. కొత్తవాళ్ళొస్తే ఆ వరుస చెదురుతుందని భయం. ఆ భయంతోనే పొడుస్తాం. ఇక్కడ నెత్తురు పడ్డప్పుడల్లా వాడికి ఆయుష్షు పెరుగుతుంది. అందరి మాంత్రికుల్లా వాడు ప్రాణాన్ని చిలకలో దాచుకోలేదు. మా పగలో దాచుకున్నాడు."

"మరి వీళ్ళను కలిపేదెలా?"

"తెలిస్తే ఎప్పుడో కలిసేవాళ్ళం. ఒక్కటి మాత్రం చెప్పగలను. రోజూ చూసే మొహాన్ని పొడవబుద్ధి కాదు."

నీలసేనుడు వెదురు చీల్చి తడిక అల్లి పెరటికి అడ్డంగా కట్టాడు. బుట్ట తీసి పెట్టలను ఇటు ఉంచాడు, మందను అటు ఉంచాడు. ముసలికోళ్ళు మొదట తడికను పొడిచాయి. కొన్నాళ్ళకు విసిగి మానేశాయి. ఆ తర్వాత తడికకు ఇటొకటి, అటొకటి ఎండలో పడుకోసాగాయి.

అప్పుడతను దాణా మూడు చోట్ల పోశాడు, నీళ్ళు మూడు చోట్ల పెట్టాడు, దాక్కోవడానికి మూడు చోట్ల తాటాకులు వాల్చాడు. తడిక విప్పేశాడు.

ఎర్రపెట్ట తిన్నగా హేమవల్లి దగ్గరికి వచ్చి మెడ మీద పొడిచింది. నీలసేనుడి చెయ్యి కత్తి మీదికి పోయింది. అన్నలు గుర్తొచ్చారు. కత్తి మీంచి చెయ్యి తీసేశాడు. హేమవల్లి తల వంచింది. నెత్తురు రాలేదు. ఎర్రపెట్ట ఇంకో పోటు వేయబోయి ఆగి, వెనుదిరిగి దాణా దగ్గరికి వెళ్ళింది. తక్కినవీ కాసేపు తరిమి, తిండి మరో చోటా దొరుకుతుంటే ఊరుకున్నాయి.

పొద్దు వాలి, కోళ్ళకు కళ్ళు సరిగా కనబడని వేళ, నీలసేనుడు పెట్టలను ఒక్కొక్కదాన్నే ఎత్తి, మంద పడుకున్న వాసం మీద కూర్చోబెట్టాడు. హేమవల్లికి చోటు చాలక జారబోయింది. ఎర్రపెట్ట పక్కకు జరిగింది.

కోటలో పెద్ద కేక వినిపించింది. అదే కరాళుడి ఆఖరి కేక.

వాసం కింద మనుషులు నిలబడి ఉన్నారు. పెరట్లో ఇద్దరు అన్నలూ ఊపిరి పీల్చుకున్నారు. జయసేనుడు హేమవల్లి మొహం చూసి, "నా తొందర నీ కన్ను తీసింది" అని తల దించుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

జుట్టు నెరిసిన ఒక రాణి దూరంగానే నిలబడిపోయింది. "నీ కన్ను పొడిచింది నేనే తల్లీ."

హేమవల్లి రెండో చెయ్యి చాచింది. "తెలుసమ్మా. అటుపక్క ఉంటే నువ్వు నాకు కనపడవు. ఇటు రా."

ఆ రాణికి తిరిగి వెళ్ళడానికి రాజ్యం మిగల్లేదు. హేమవల్లి ఆమెను వెంట తెచ్చుకుంది. మూడు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో జరిగాయి. పెళ్ళికూతుళ్ళకు బొట్టు పెట్టింది ఆ ముసలి రాణే.

ధవళసేనుడు నీలసేనుడికి పట్టం కట్టాడు. అన్నల అండతో, కుందవల్లితో కలిసి అతను జుట్టు తెల్లబడేదాకా చల్లగా ఏలాడు. ఏ దేశం నుంచి ఎవరు తలదాచుకోవడానికి వచ్చినా, ముందు వాళ్ళకు వేరే చోట అన్నం పెట్టించి, ఆ తర్వాతే ఊళ్ళోవాళ్ళకు చూపించేవాడట.