సాగిపోయిన లేడి ఫొటో

బొడ్డగండి అడవిలో ఎవరికి ఏ కబురు కావాలన్నా ఫోన్ తీసి అడవి వెబ్‌సైటు చూసుకునేవారు. ఏ వాగులో నీళ్లున్నాయి, ఏ దారిలో ఉచ్చులు పెట్టారు, అన్నీ అందులోనే. దాన్ని తయారుచేసింది దండాసి నక్క. అడవి మొత్తానికి పెద్ద తెర కంప్యూటరు వాడొక్కడికే ఉంది. దాంతోపాటు గీర కూడా.

ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే పైడమ్మ లేడి వగరుస్తూ వచ్చింది.

"దండాసన్నా, మాయమ్మ కనబడ్డం లేదు. కళ్లు సరిగ్గా ఆనవు. తోడేళ్ల లోయ వైపు పోయిందేమోనని గుండె దడగా ఉంది. ఈ ఫొటో అందరికీ కనబడేలా పెట్టవా?"

"ఏడవకు చెల్లీ. నా సైటులో పడ్డాక గంటలో దొరుకుతుంది."

ఫొటో పెట్టి, తన పెద్ద తెర మీద చూసుకున్నాడు. ముసలి లేడి నిండుగా, ఉన్నదున్నట్టు కనబడింది. మీసం దువ్వుకున్నాడు.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఒక్క కబురూ లేదు. అప్పుడు నూకాలమ్మ తాబేలు మెల్లగా పాక్కుంటూ వచ్చింది.

"ఒరే దండాసీ, ఆ ఫొటో ఏదో తేడాగా ఉందిరా. నా ఫోన్లో..."

"తేడా నీ ఫోన్లోనే అత్తా! ఏ కాలంనాటిదో, ముందు దాన్ని అవతల పారెయ్."

చుట్టూ చేరిన కోతులు కిసకిసా నవ్వాయి. తాబేలు తల డిప్పలోకి లాక్కుంది. కాసేపటికి మళ్లీ బయటికి పెట్టింది.

"పోనీలే. ఇదిగో, వీడెవడో చెప్పు." ఫోన్ చూపించింది. ఫొటో కింద ఉన్న పేరు మీద కాలు అడ్డం పెట్టింది.

దండాసి చూశాడు. సొరకాయలా సాగిన మొహం, నిక్కబొడుచుకున్న చెవులు, దారంలాంటి మెడ.

"ఎవడత్తా వీడు? పది రోజులు తిండి లేని ముంగిసలా ఉన్నాడే!" పగలబడి నవ్వాడు.

తాబేలు కాలు తీసింది. కింద రాసి ఉంది: 'సైటు నిర్మాత, దండాసి.'

దండాసి గబుక్కున లేచాడు. కోతుల ఫోన్లు ఒక్కొక్కటే లాక్కుని చూశాడు. అన్నిట్లోనూ అదే తీరు. ముసలి లేడి వెదురుకర్రల్లాంటి కాళ్లతో, బారెడు మెడతో నిలబడి ఉంది. కన్నకూతురైనా పోల్చుకోలేనట్టుగా ఉంది. దండాసి తన సైటును ఒక్కసారైనా ఫోన్లో తెరిచి చూడలేదు. ఎవరి కళ్లలోకీ చూడలేక కంప్యూటరు వైపు తిరిగాడు.

తప్పు వెంటనే దొరికింది. ఫొటోల ఎత్తు ఇంతే ఉండాలని వాడే బిగించేశాడు. ఫోన్ తెరకు వెడల్పు తగ్గినా ఎత్తు తగ్గక, బొమ్మ నిలువునా సాగిపోయింది. వెడల్పును బట్టి ఎత్తు కూడా మారేలా సరిచేసి, 'దయచేసి ఫొటో మళ్లీ చూడండి' అని రాశాడు.

క్షణాల్లో మడుగు దగ్గర్నుంచి బంగారయ్య కొంగ ఫోన్ చేశాడు.

"ఓరి నాయనో, ఈవిడా! పొద్దున ఫొటోలో ఒంటె అనుకున్నాను. ఇందాకే ఇక్కడ నీళ్లు తాగి, నీడ ఎటుందని అడిగింది. లోయ దారి చూపించానురా!"

పైడమ్మ ఒక్క ఉదుటున పరుగెత్తింది. వెనకే దండాసి. లోయ మొదట్లో ముళ్లకంపలో చిక్కుకుని ఉంది ముసలి లేడి. ముందుకాలు చీరుకుపోయింది. కింద తోడేళ్ల అలికిడి వినబడుతోంది. ఇద్దరూ కలిసి ఎలాగో బయటికి లాగారు. ప్రాణం దక్కింది గానీ, కాలు మళ్లీ మామూలు కాలేదు.

"నాకోసం ఇంత దూరం పరుగెత్తుకొచ్చావా నాయనా? చల్లగా ఉండు," అంది ముసలమ్మ.

ఆ దీవెన దండాసికి చెంపదెబ్బలా తగిలింది.

"నన్ను దీవించకు పిన్నీ. రెండు గంటలు ఆలస్యం చేసింది నేనే. నూకాలత్త చెప్పడానికొస్తే నలుగురిలో ఎగతాళి చేశాను."

పైడమ్మ మొహం పక్కకు తిప్పేసుకుంది. వంగి తల్లి కాలి నెత్తురు నాకుతూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది దండాసికి. తోక ముడుచుకుని, నూకాలత్త కాళ్ల మీద పడడానికి బయల్దేరాడు.

నీతి: మన పని ఎలా ఉందో, దాన్ని వాడుకునేవాళ్ల చేతిలో పెట్టి చూస్తేనే తెలుస్తుంది.