విభక్తి తప్పిన దానం

అనగనగా ఒక రాజ్యం. దాని పేరుతో మనకేం పని గానీ, అక్కడ ఏటి ఒడ్డున ఒక విద్యాపీఠం ఉండేది. ఓబళయ్య పంతులు అందులో జీవితమంతా వ్యాకరణం చెప్పాడు. ఆయన భార్య నాగాంబ గణితం చెప్పింది. తలలు పండాక ఇద్దరూ కొలువు చాలించారు. పిల్లలు లేరు. ఉన్నదల్లా కాలవ కింద ఒక మాగాణి.

ఒకరోజు పీఠం కులపతి వాళ్ళింటికి వచ్చి కూర్చున్నాడు.

"పంతులు గారూ, గాదెల్లో ధాన్యం ఇంకొన్నేళ్ళే వస్తుంది. ఆ తర్వాత పిల్లలకు తిండి ఎక్కడిది? అది తేలేదాకా కొత్తవాళ్ళను చేర్చుకోలేను. పాపం, పీఠం వాకిట్లో మూటలతో కూర్చున్నారు."

ఓబళయ్య మనసు కరిగింది. "మేమున్నన్నాళ్ళూ పంట మేం తింటాం. మా తర్వాత మాగాణి పీఠానికే. రేపే ధార పోస్తాను," అన్నాడు.

అన్నాడే గానీ, కులపతి గడప దాటాడో లేదో, పంతులు కాలుగాలిన పిల్లిలా అరుగు మీద తిరగడం మొదలుపెట్టాడు. అన్నం సయించదు. కుదురుగా కూర్చోలేడు.

మర్నాడు పీఠంలో కులపతి దోసిలి పట్టాడు. నాగాంబ చెంబుతో భర్త చేతి మీదుగా నీళ్ళు వంచబోయింది.

"ఆగు ఆగు! భోజనశాలకు నా పేరు పెట్టాలి!"

"పెడతాం," అన్నాడు కులపతి. కానీ పంతులికి ఇంకేదో గుర్తుకొచ్చింది. ముహూర్తం దాటిపోయింది.

రెండోసారీ అంతే. "ఆగు! నా బియ్యం వ్యాకరణం చదివేవాళ్ళకే వండాలి!"

"అయితే లెక్కలు చదివేవాళ్ళు గాలి భోంచేస్తారా?" అంది నాగాంబ.

మూడోసారి మరీ విడ్డూరం! "నా పొలంలో సన్నాలే వేయాలి. నా బియ్యం తినే పిల్లల పప్పులో ఇంగువ వేయకూడదు. నాకు పడదు!"

కులపతి దోసిలి దించేశాడు. వాకిట్లో పిల్లలు కొందరు మూటలు నెత్తినెత్తుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళను చూసి పంతులికి ఏడుపొచ్చింది. "నాకేమైందే? ఇవ్వాలనే ఉంది. ఇవ్వలేకపోతున్నాను," అన్నాడు.

నాగాంబ చెంబు దించలేదు. "ఏమండీ, ‘నా యొక్క’ ఏ విభక్తి?"

"షష్ఠి. అదీ తెలియదా?"

"దానానికి ఏ విభక్తి చెప్పేవారు?"

"చతుర్థి. కొఱకున్, కై..."

"మరి మొదటినుంచీ షష్ఠిలో దానం చేస్తారేమిటండీ? మీ శిష్యుడైతే చెవి మెలేసేవారు కారూ?"

పంతులికి తన తప్పు తెలిసింది. పకపకా నవ్వాడు. తన చెవి తానే మెలేసుకుని చేయి చాపాడు.

"పిల్లల కొఱకు. పొయ్యవే!"

నీళ్ళు ధారగా పడ్డాయి. కులపతి వాకిట్లోకి పరుగెత్తి, వెళ్ళిపోతున్నవాళ్ళను కేకేసి లోపలికి పిలిచాడు. పంతులు ఆ మధ్యాహ్నమే తన ఇంటి అరుగు మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఆ దంపతులు ఉన్నన్నాళ్ళూ ఆ పంటే తిని, హాయిగా వెళ్ళిపోయారు. తర్వాత ఆ మాగాణి బియ్యం పీఠంలో ఉడికింది. పప్పులో ఇంగువ కూడా పడింది. పిల్లలు మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

కాబట్టి పిల్లలూ, ఇచ్చేటప్పుడు ‘నా’ అన్నమాట వదిలినవారికే ఇచ్చిన పుణ్యమూ, కంటినిండా నిద్రా దక్కుతాయి.